తపఃకాలమును ఉద్దానపు వంటయిల్లును

వ్రతములును నోములును మన స్త్రీలకు పుట్టింటివారు పెట్టిన సారె వంటివి. కార్తిక సోమవారపు ఉపవాసము, అట్లతద్దె నోము, ఏకాదశి నియమము – వీని మర్యాద మనకు ఒకరు నేర్పనక్కరలేదు. క్రైస్తవ కుటుంబముల స్త్రీలకును అట్టి దీక్ష ఒకటి కలదు. దానిని కతోలికులు తపఃకాలమనియు, ఇతర సంఘములవారు శ్రమకాలమనియు, లెంటు దినములనియు వ్యవహరించుచున్నారు. పలాస, టెక్కలి, మందస, సోంపేట ప్రాంతములలో క్రైస్తవ గృహములు కొలదిగానే యున్నవి. అయినను ఆ దీక్షను ఇల్లాలు తన నిత్యకృత్యములలో ఎట్లు నడుపవలెనో, ఈ ఉద్దానపు సీమలో అందుకు గల ప్రత్యేకమైన చిక్కు ఏదియో విచారించుట అన్ని మతముల సోదరీమణులకును ఉపయోగకరమని మా తలంపు.

మొదట కాలనిర్ణయము. ఈస్టరు పండుగ మన పండుగలవలెనే చంద్రుని అనుసరించి వచ్చును. మార్చి 21వ తేదీనాడు గాని, ఆ పిమ్మట గాని వచ్చు మొదటి పున్నమ తరువాతి ఆదివారమే ఈస్టరు అని సంఘపు గణితము. దానికి 46 దినముల ముందు విభూది బుధవారము. ఆదివారము పునరుత్థాన దినము గనుక, నడుమ వచ్చు 6 ఆదివారములును ఉపవాసపు లెక్కలో చేరవు. మిగిలినవి 40 దినములు. క్రీస్తు అరణ్యములో ఉపవసించిన దినములును అన్నియే. 2026వ సంవత్సరమున ఈ దీక్ష ఫిబ్రవరి 18న ఆరంభమై, ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చినది. మన తీరమున జీడితోటలలో పిక్కలు రాలు కాలమును, ఎండ ముదురు కాలమును ఇదియే.

విభూది బుధవారమునాడు కతోలిక దేవాలయములలో, వెనుకటి యేడు మట్టల ఆదివారమున పట్టిన మట్టలను కాల్చి చేసిన బూడిదను నొసట నుంతురు. నరుడు మట్టియే యని జ్ఞాపకము చేయుట దాని భావము. వింత యేమనగా, ఆ దినమే గుడిలో చదువు సువార్త భాగము, ఉపవాసమును లోకమునకు చూపవలదనియు, ముఖము కడుగుకొని తలకు నూనె రాచికొని మామూలుగా తిరుగవలసినదనియు బోధించును. దానము, ప్రార్థన, ఉపవాసము – ఈ మూడును రహస్యముగానే జరుగవలెనని దాని సారము. నొసట బూడిద ఒక దినమే. తక్కిన దినములలో దీక్ష యంతయు లోపలనే. ఇల్లాలి పని చాలవరకు ఎవరికిని కనబడనిదే గనుక, ఈ బోధ ఆమెకు పరాయిది కాదు.

ఈ విశ్వాసము మన సీమకు వచ్చుటలో స్త్రీల చేయి పెద్దది. కెనడా దేశపు తూర్పు తీరమున హన్నా మరియా నోరిస్ అను యువతి 1870లో ఊరూర తిరిగి, బాప్తిస్టు స్త్రీలచేత చిన్న చిన్న సంఘములు స్థాపింపజేసెను. ఆ స్త్రీలు కూడబెట్టిన చిల్లర నాణెములు దూరదేశములలోని సేవకు ఆధారమైనవి. 1875లో ఆ ప్రాంతపు మిషనరీలు సయాము దేశమును విడిచి తెలుగు దేశమున పని పూనిరి. తరువాత టెక్కలియు వారి కేంద్రములలో నొకటి ఆయెను. కతోలికులలో ఫ్రాన్సిస్ డి సాలెస్ సభవారు 1846లోనే విశాఖపట్టణమునకు వచ్చియుండిరి. శ్రీకాకుళము ప్రత్యేక మేత్రాసనమైనది 1993లో. ఇక పాటల మాటకు వచ్చినచో, మనము పరదేశమునకు పోనక్కరలేదు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమున జనించి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగున రచించిన కీర్తనలు నేటికిని సంఘములలో పాడబడుచున్నవి.

ఇప్పుడు ఉపవాసపు సంగతి. కతోలిక సంఘ నియమము ప్రకారము విభూది బుధవారమును, శుభ శుక్రవారమును ఉపవాస దినములు. 18 ఏండ్లు నిండినవారు మొదలు 59 ఏండ్లు నిండువరకు గలవారు ఆ దినములలో ఒక్క పూట మాత్రమే కడుపునిండ భుజింతురు. శుక్రవారములలో మాంసము మానుదురు. చేపకు నిషేధము లేదు. ఇచటనే మన తీరవాసులు కొంచెము ఆలోచింపవలెను. మాంసము మాని, ఆ ధరకు రెట్టింపు పెట్టి వంజరపు ముక్కలు వేయించుకొన్నచో, నియమము నిలిచినట్లేగాని నిగ్రహము నిలిచినట్లు కాదు. బాప్తిస్టు సంఘములలో ఇట్టి కట్టుబాటు లేదు; ఎవరి మనస్సాక్షి వారికి ప్రమాణము.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి యున్నది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో ఈ ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు. దాని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి; హిరమండలమునుండి గొట్టముల ద్వారా త్రాగునీరు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభమైనది. ఇట్టి సీమలో, జీడితోటలో ఎండకు పనిచేయు స్త్రీ భక్తి పేరిట మంచినీరు కూడ ముట్టక యుండుట పుణ్యము కాదు. వ్యాధిగ్రస్తులకును, గర్భవతులకును, పాలిచ్చు తల్లులకును ఉపవాస విధి లేదు. మందులు వాడువారు వైద్యుని అడుగక ఆహారమును గాని, నీటిని గాని మార్చరాదు. శరీరమును చెరుపుమని దేవుడు అడుగలేదు.

అట్లైన ఉద్దానపు ఇల్లాలికి తగిన ఉపవాసమేది? మేమెరిగిన ఒక యింట దీనికి చక్కని సమాధానము కానవచ్చినది. కాశీబుగ్గకు దగ్గరనున్న ఒక పల్లెలో ఒక కోడలు. మామగారికి వారమునకు పలుమారులు రక్తశుద్ధి జరుగవలెను. ఉప్పు తగ్గింపవలెను, పెరటి కొబ్బరినీరు కూడ వైద్యులు వలదనిరి. ఆయనకు వేరుగా చప్పిడి కూర వండి పెట్టుచుండగా, తక్కినవారి ఆవకాయ వాసనకు ఆ వృద్ధుడు తలవంచుకొని మెతుకులు కెలుకుచుండెడివాడు. తపఃకాలము రాగానే ఆ కోడలు అత్తగారితో, “అత్తా, ఈ నలభై రోజులూ మనమందరమూ మావయ్య కూరే తిందుము. వేరే ఉపాసం ఎందుకు?” అని చెప్పెను. మొదటి వారము పిల్లలు గునిసిరి. రెండవ వారమునకు తమంతట తామే ఊరగాయ జాడీని అటకమీద పెట్టిరి. ఆ వృద్ధుడు మాత్రము అందరితో కలిసి పంక్తిలో కూర్చుండి, ఎన్నడును లేనిది కూర మారు వేయుమని అడిగెనట. ఆ యింట ఉపవాసమనిన కడుపు మాడ్చుకొనుట కాదు, ఒకరి కష్టములో పాలు పంచుకొనుట.

యెషయా ప్రవక్తయు ఇట్టి మాటయే చెప్పెను. తలవంచి గోనె కట్టుకొనుట ఉపవాసము కాదనియు, కాడిక్రింద నలిగినవారిని విడిపించుటయు, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు దేవునికిష్టమైన ఉపవాసమనియు ఆయన బోధ. పలాస జీడిపప్పు దేశమంతటను ప్రసిద్ధము. కాని ఆ పిక్కలో కారు రసము చర్మమును కాల్చును. చేతులకు నూనెయో బూడిదయో రాచికొని పిక్కలు కొట్టు స్త్రీల వ్రేళ్ళు చూచినవారికి, నొసటి బూడిదకంటె ఆ చేతి బూడిద ఎక్కువ పాఠము చెప్పును. మన యింట అంట్లు తోము ఆమెకు జీతము తేదీ దాటకుండ ఇచ్చుట, ఆమెకు జ్వరము వచ్చిన దినమున జీతము కోయకుండుట, పండుగనాడు మిగిలినది కాక ముందుగా తీసినది పెట్టుట – ఇవి తపఃకాలమున ఇల్లాలు చేయదగిన గొప్ప జపములు.

దానమును గూర్చి భారతమున అశ్వమేధపర్వములోని సక్తుప్రస్థుని కథ మనకందరకు తెలిసినదే. కరవు కాలమున దొరికిన కొలది పిండిని నలుగురు పంచుకొను వేళ అతిథి రాగా, ఒకరి తరువాత ఒకరు తమ పాలు ఇచ్చివేసిరి. ఆ పిండి రజములో పొరలిన ముంగిస సగము బంగారమైనది; ధర్మరాజు యాగశాలలో మిగిలిన సగము మారలేదు. దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి వృత్తాంతము సువార్తలో నున్నది. రెండు కథలును ఒక్కటే చెప్పుచున్నవి: మిగులులోనుండి ఇచ్చినది లెక్క, లేమిలోనుండి ఇచ్చినది దానము. తెలుగు క్రైస్తవ స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరు కుండలో వేయు ఆచారము ఇందుకు తగినది. పూటకు పిడికెడు తీసినచో ఇంటివారికి తెలియదు. నలువది దినములకు ఆ కుండ ఒక బీద కుటుంబమునకు కొన్నాళ్ళ గ్రాసము.

ప్రార్థనకు తీరిక లేదని పలువురు సోదరీమణులు వగచుచుందురు. పొయ్యి రాజబెట్టునపుడు ఒక మాట, నూతివద్ద ఒక మాట, పిల్లలను బడికి పంపునపుడు ఒక మాట – ఇవి చాలును. ప్రార్థనకంటె కష్టమైన ఉపవాసము నాలుకది. తోడికోడలి మీద వచ్చిన మాటను మరియొక యింట చెప్పక మ్రింగుట మాంసము మానుటకంటె కష్టమని మా అనుభవము. నెలల తరబడి పలుకక మానిన ఆడబిడ్డకు ఉత్తరము వ్రాయుట, అప్పు తీర్పలేని పొరుగింటామెను వీధిలో నిలదీయక యుండుట – వీనికి పంచాంగములో తిథి లేదు; మనమే నిర్ణయించుకొనవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరమున కొబ్బరి, జీడి తోటలను పెకలించివేసినది. వేళ్ళతో పడిన చెట్టు నొక్క దినములో నిలుపజాలము. మొక్క నాటి, నీరు పోసి, ఏండ్ల తరబడి కనిపెట్టవలెను. పవిత్ర జీవనమును అట్టిదే. నలువది దినములు మొక్క నాటుటకు మాత్రమే. ఈస్టరు మరునాడు ఊరగాయ జాడీ అటకమీదినుండి దిగుగాక. పిడికెటి బియ్యపు కుండ మాత్రము పొయ్యి ప్రక్కనే యుండవలెను.