ఆటపెట్టెల కొత్త తరాల్లో కొత్తదనం ఎంత?

వీడియో గేమ్ కన్సోల్ అంటే వేరే ఏమీ కాదు, టీవీకి తగిలించి ఆడుకునే కంప్యూటరే. కాకపోతే ఆట కోసమే తయారైనది. 1972లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీతో ఈ వంశం మొదలైంది. అప్పటినుంచి కొన్నేండ్లకొకసారి 'తరం' మారిందంటూ వస్తున్నారు. 2020 నవంబరులో వెలువడిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ తొమ్మిదవ తరానివని లెక్క. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు పెట్టుకునే రకం వెల 49,990 రూపాయలు. పెద్ద ఆట ఒక్కొక్కటి 4,999 దాకా పలికింది. "బొమ్మ రవ్వంత నున్నగా కనపడేదానికి అర లక్షనా అప్పా!" అన్నాడు మా పరిగి మిత్రుడొకడు. ఆ మాటలో న్యాయముంది గాని, పూర్తి న్యాయం లేదు. అదెట్లో చెబుతాను.

ముందు కొత్తదనమంటే ఏమిటో తేల్చుకోవాలి. మన ధర్మవరంలో జకార్డు బిగించిన మగ్గం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. చిల్లులు పొడిచిన అట్టలు గొలుసుగా పైన తిరుగుతుంటాయి. ఏ పేక పోగు నడిచేటప్పుడు ఏ పడుగు పోగులు లేవాలో ఆ చిల్లులే నిర్ణయిస్తాయి. అట్టలు మారిస్తే అంచు మారుతుంది. మగ్గం మాత్రం అదే. ఆటపెట్టెల్లో ఇదే మార్పు 1976లో ఫెయిర్‌చైల్డ్ వారి పెట్టెతోనూ, 1977లో అటారీతోనూ వచ్చింది. ఆట పెట్టెలోంచి క్యాసెట్‌లోకి దిగింది. అంతకుముందు కుదరని పని కుదిరింది కాబట్టి దానిని నేను నూతనత్వమంటాను. నేసిన చీరనే ఇంకాస్త త్వరగా నేయడం మెరుగుదల మాత్రమే.

ఈ కొలతతో చూస్తే పాత తరాలకు మంచి మార్కులే పడతాయి. తొంభైలలో మన ఊళ్లలో మారియో, కాంట్రా ఆడించిన చవక పెట్టెలు చాలావరకు నింటెండో వారి 1983 నాటి ఫామికామ్‌కు నకళ్లు. 1994లో సోనీ ప్లేస్టేషన్ సీడీలతో వచ్చి, లోతున్న త్రిమితీయ లోకాలను ఇండ్లలోకి తెచ్చింది. ఆ లోకంలో నడవడానికి తగిన చిన్న కర్రను 1996లో నింటెండో 64 వేలికందించింది. 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ ఎక్కడెక్కడివారినో ఒకే ఆటలో కూర్చోబెట్టింది. 2006లో వీ వచ్చి చేయి ఊపితే బ్యాటు ఊగేట్టు చేసింది. పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. చేతిలో ఏమీ లేకుండానే ఆడవచ్చునంటూ 2010లో వచ్చిన కినెక్ట్ మాత్రం నిలువలేదు, 2017లో తయారీయే ఆపేశారు.

ఇక ఒక లెక్క చూడండి. ప్లేస్టేషన్ మొదటిదానిలో ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. రెండవదానిలో 32. మూడవదానిలో రెండు భాగాలూ కలిపి 512. నాలుగవదానిలో 8 గిగాబైట్లు. అంటే ప్రతిసారీ పదహారు రెట్లు! ఐదవదానిలో 16 గిగాబైట్లు, రెండు రెట్లే. చిప్పులు మునుపటిలా ఏటేటా చవక కావడం లేదు. పైగా బొమ్మ ఒక స్థాయి దాటాక తేడా కనిపెట్టడం కంటికే కష్టం. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పాత ప్లేస్టేషన్ 4 మీద కూడా ఆడింది. కొత్త పెట్టె వచ్చి రెండేండ్లయినా పాతది దానిని మోయగలిగిందంటే, మా మిత్రుడి వాదానికి అంతకన్న సాక్ష్యమేం కావాలి?

ఐతే ఆయన చూడనిది ఒకటుంది. పాత పెట్టెలోని తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు సుమారు వంద మెగాబైట్లు చదివేది. ప్లేస్టేషన్ 5లో చక్రం లేని నిల్వ పెట్టారు. అది సెకనుకు ఐదున్నర గిగాబైట్లు చదువుతుంది. కేవలం తొందర అనుకోకండి. పాత ఆటల్లో వీరుడు ఇరుకు సందులో పక్కకు తిరిగి మెల్లగా పోవడం, లిఫ్టులో ఊరకే నిలబడడం గుర్తుందా? తర్వాతి లోకం డిస్కునుంచి రావడానికి వేసిన తెరలు అవి చాలావరకు. ఆ తెరల అవసరం తగ్గింది. 2021 నాటి రాచెట్ అండ్ క్లాంక్ ఆటలో క్షణంలో ఒక లోకంనుంచి మరొక లోకంలోకి దూకవచ్చు. నా లెక్కలో ఈ తరానికి దక్కే అసలు మార్కు ఇదే. మీట నొక్కితే విల్లు లాగినట్టు వేలికి ఎదురు తన్నడం ముచ్చటే గాని, దానికోసం ఎవరూ పెట్టె కొనరు.

మనలాంటివారికి తగిలే మార్పు వేరొకటి, దానిని ప్రకటనల్లో పెద్దగా చెప్పరు. 2020లోనే డిస్కు పెట్టే చోటు లేని రకం చవకగా తెచ్చారు. 2024 నవంబరులో వచ్చిన ఖరీదైన ప్లేస్టేషన్ 5 ప్రోలో కూడా ఆ చోటు లేదు, కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. పెద్ద ఆటలు కొన్ని వంద గిగాబైట్లు దాటాయి. రోజుకు రెండు గిగాబైట్ల ఫోన్ డేటామీద ఒక్క ఆట దించుకోవాలంటే యాభై దినాలు. దించుకున్నా అది మన ఖాతాకు కట్టేసిన సరుకు. క్యాసెట్ల కాలంలో పరిగిలో ఒకడు కొన్న ఆట చేతులు మారి హిందూపురం దాకా పోయి వచ్చేది. డిస్కు కూడా అంతే, ఆడడం ఐపోయాక సగం ధరకు అమ్మవచ్చు. అందుచేత కొనదలచిన మిత్రులు బొమ్మ నునుపు సంగతి తర్వాత అడగండి, డిస్కు పడుతుందా లేదా అని ముందు అడగండి.