తొడ వెనుక కండరానికి ఏ వ్యాయామం బలమిస్తుంది?

మా రామంతాపూర్ వీధులలో క్రికెట్ ఆడని పిల్లవాడు అరుదు. 2005లో ఉప్పల్ స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగిన నాటినుండి ఈ ఉబలాటం మరింత పెరిగింది. దానితోపాటే "తొడ వెనుక నరం పట్టేసింది, తాతగారూ" అంటూ కుంటుకుంటూ నా వైద్యశాలకు వచ్చే కుర్రవాళ్ళ సంఖ్యా పెరిగింది. అందరూ నరం అంటారు గాని, అది నరం కాదు, కండరం. ఇంగ్లీషులో హామ్‌స్ట్రింగ్ అంటారు. మన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ 2022 జనవరిలో జొహానెస్‌బర్గ్ టెస్టులో ఈ కండరమే పట్టేసి, తరువాతి టెస్టు ఆడలేకపోయాడు.

రెండేళ్ళ క్రితం మా వీధిలోని పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి వాళ్ళమ్మ తీసుకువచ్చింది. వేగంగా బంతి వేస్తాడు. నేను ఉభయ పూటలా మహానారాయణ తైలంతో అభ్యంగనం, ఆపైన కాపడం, మూడు వారాల విశ్రాంతి చెప్పాను. నొప్పి పూర్తిగా పోయింది. కాలికి బలం రావడానికి రోజూ బస్కీలు తీయమని కూడా సలహా ఇచ్చాను. మైదానంలోకి దిగిన మొదటి ఆదివారమే, నాలుగో బంతికి, తొడ పట్టుకుని కూలబడ్డాడు. "మీరు తగ్గిందన్నారు కదండీ" అని ఆ తల్లి అడిగిన మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ కుర్రవాణ్ణి ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి తీసుకువెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ కండరంలోని విద్యుత్తును కొలిచే యంత్రం ఉంది. ఆ పద్ధతిని ఎలక్ట్రోమయోగ్రఫీ అంటారు, క్లుప్తంగా ఈ.ఎం.జి. మెదడు నుండి ఆజ్ఞ వచ్చినప్పుడు కండరపు తంతువులలో అత్యల్పమైన విద్యుత్ తరంగం పుడుతుంది. చర్మంపై అతికించిన రెండు చిన్న బిళ్ళలు దానిని గ్రహించి తెరపై గీతగా చూపుతాయి. బిళ్ళల మధ్య దూరం రెండు సెంటీమీటర్లు. ఆనాడు మొదట అవి అతుకుకోలేదు. ఉదయం రాయించిన నా తైలం ఇంకా చర్మం మీదనే ఉంది! అక్కడి అమ్మాయి స్పిరిటు దూదితో రెండు మూడు సార్లు తుడిచి, నావైపు చూసి నవ్వింది.

ముందుగా కుర్రవాణ్ణి బోర్లా పడుకోబెట్టి, మడమను గట్టిగా పట్టుకుని, మోకాలిని శక్తికొద్దీ మడవమన్నారు. ఆ గరిష్ఠ ప్రయత్నంలో వచ్చిన గీతను నూరుగా లెక్కిస్తారు. తక్కిన వ్యాయామాలను దానితో పోలుస్తారు. మనిషికీ మనిషికీ చర్మం కింది కొవ్వు మందం వేరు, బిళ్ళ అతికించే చోటూ కొంత వేరు. ఈ పోలిక లేకుండా వట్టి అంకెలతో ఏమీ తెలియదు.

ఆ తరువాత బస్కీలు తీయించారు. గీత కాస్త వణికింది, అంతే. నెలనాళ్ళు చెమటోడ్చి అతడు చేసింది తొడ ముందు కండరాలకే చేరింది! గుంజిళ్ళూ, బళ్ళో మాస్టారు వేయించే గోడ కుర్చీ కూడా ప్రధానంగా అదే కోవకు చెందినవి. నేను ఏ కండరానికి బలం వస్తుందనుకున్నానో, అది ఆ నెలంతా దాదాపు నిద్రపోయింది.

దీనికి కారణం ఆ కండరాల అమరికలోనే ఉంది. సుశ్రుతుడు దేహంలో 500 పేశులు చెప్పి, వాటిలో 400 చేతులలోను కాళ్ళలోను ఉన్నాయన్నాడు. తొడ వెనుక ఉన్న కండరాలు మూడు. ఒకటి బయటి వైపు, రెండు లోపలి వైపు. బయటి దానికి రెండు తలలు. అందులో పొట్టి తల తప్ప తక్కినవన్నీ మనం కూర్చునే పిరుదు ఎముక వద్ద మొదలై, మోకాలి కిందికి దిగుతాయి. అంటే తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతాయి. బస్కీలో కిందికి దిగేటప్పుడు మోకాలు మడిచినకొద్దీ అవి వదులవుతాయి, తుంటి వంచినకొద్దీ బిగుస్తాయి. ఆ రెండూ సరిపోయి, కండరం పొడవు పెద్దగా మారదు. పరుగులో మాత్రం కాలు ముందుకు విసరబడి నేలను తాకబోయే క్షణంలో ఈ కండరం సాగుతూనే కాలిని ఆపవలసి వస్తుంది. పరుగులో ఎక్కువగా గాయపడేది బయటి కండరపు పొడుగు తల.

కనుక సాగుతూ బరువు మోసే వ్యాయామమే దానికి కావాలి. అందులో పేరుపొందినది నార్డిక్ వ్యాయామం. మెత్తటి దిండుపై మోకాళ్ళ మీద నిలబడాలి, వెనుక ఒకరు చీలమండలను గట్టిగా పట్టుకోవాలి. నడుము వంచకుండా, శరీరాన్ని మెల్లమెల్లగా ముందుకు వాల్చి, నిలుపుకోలేనప్పుడు చేతులు ఆన్చాలి. ఇందులో గీత ఎంత ఎత్తు లేచిందో చూసి ఆశ్చర్యపోయాను. అయితే గాయపడిన కాలి గీత మంచి కాలి గీతకంటె స్పష్టంగా పొట్టిగా ఉంది. నొప్పి లేదు, వాపు లేదు, నా చేతికి ఏ తేడా తగలలేదు. కండరం మాత్రం పూర్తిగా మేల్కొనలేదు. ఇది ఈ కుర్రవానికే పరిమితం కాదు. పాత గాయమున్న ఆటగాళ్ళలో ఈ కొరత కనబడుతుందని పరిశోధకులు గుర్తించారు.

డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్ల 942 మంది ఆటగాళ్ళపై జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. మొదటి వారం ఒక్కసారి, అయిదేసి చొప్పున రెండు విడతలతో ఆరంభించి, పది వారాలలో క్రమంగా పెంచారు. ఈ వ్యాయామం చేసిన 461 మందిలో 15 గాయాలు, చేయని 481 మందిలో 52. నా నమ్మకాన్ని మార్చినది యంత్రపు గీత కన్న ఎక్కువగా ఈ లెక్కే. ఎందుకంటే ఈ.ఎం.జి. విద్యుత్తును చూపుతుంది గాని బలాన్ని కాదు. సాగుతూ పనిచేసే కండరం అంతే బరువును తక్కువ విద్యుత్తుతోనే మోయగలదు. పక్క కండరపు తరంగం కూడా వచ్చి కలుస్తుంది. గీత పెద్దదైనంత మాత్రాన ఆ వ్యాయామమే ఉత్తమమని తీర్మానించరాదు. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపినట్లు, నార్డిక్ వ్యాయామంలో లోపలి కండరం ఎక్కువ వాటా తీసుకుంటుంది. మోకాలు నిటారుగా ఉంచి తుంటి వద్ద వంగి లేచే వ్యాయామాలలో బయటి దాని వాటా పెరుగుతుంది. కాబట్టి రెండు తరహాలూ ఉండాలి.

ఇంట్లో ఆరంభించేవారికి సేతుబంధం సులువు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. ఒంటికాలితో చేసే సేతుబంధంపై 2017లో కొలిచి చూస్తే, మడమను పిరుదు దగ్గరకు బాగా లాక్కున్నప్పుడు తొడ వెనుక కండరపు పని సుమారు మూడు వంతుల నుండి పావు వంతుకు పడిపోయింది. కాబట్టి మడమను కాస్త దూరంగా ఉంచండి. అది తేలికయ్యాక, నున్నని గచ్చు మీద మడమల కింద పొడి గుడ్డ వేసుకుని, పిరుదులు ఎత్తి ఉంచి, మడమలను నెమ్మదిగా దూరానికి జార్చండి. గుడ్డ ముక్క తప్ప పైసా ఖర్చు లేని ఈ వ్యాయామంలోనూ ఆ కండరం బాగా శ్రమిస్తుంది. ముందుకు వంగే ఆసనాలు సాగే గుణం ఇస్తాయి, బలానికి అవి చాలవు.

వ్యాయామం అర్ధశక్తితో చేయాలని మన శాస్త్రం. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వస్తే ఆపమన్నారు. మరి ఈ నార్డిక్ వ్యాయామం అర్ధశక్తిని మించదా? నేను చాలా ఆలోచించాను. పెద్దలు చెప్పిన గుర్తులు మొత్తం దేహపు అలసటకు కొలతలు. యంత్రం చూపేది ఒక్క కండరపు శ్రమ. అయిదు సార్లు వాలితే ఊపిరి ఎగబోయదు. డెన్మార్క్ వారు కూడా అయిదుతోనే మొదలుపెట్టారు కదా! మొదటి వారంలో మర్నాడు, ఆ మరునాడు తొడ సలుపుతుంది. అది సహజం, అభ్యంగనం అప్పుడు హాయినిస్తుంది. అరవై దాటినవారూ, మోకాళ్ళ నొప్పులున్నవారూ నార్డిక్ జోలికి పోకుండా సేతుబంధంతో ఆగాలి.

పరుగులో టప్పున శబ్దం వచ్చినా, తొడ వెనుక పెద్దగా కమిలినా, కాలు మోపలేకపోయినా తైలాలతో కాలయాపన చేయక ఎముకల డాక్టరుకు చూపండి. నడుము నుండి పిక్క కిందికి జాలుగా దిగే నొప్పి గృధ్రసి కావచ్చు, దానికి ఈ వ్యాయామాలు వర్తించవు.

కుర్రవాడు పదకొండు వారాలు శ్రద్ధగా చేశాడు. రెండోసారి కొలిచినప్పుడు రెండు కాళ్ళ గీతలూ దాదాపు సమానమయ్యాయి. ఆనాడు ఉదయం తైలం రాయవద్దని వాళ్ళమ్మకు ముందే చెప్పి పంపాను.