మీకు తెలుసా? తలను మోసే రెండు పూసలు

పొన్నూరు చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ బరి గీశారంటే, కూతకు వెళ్లినవాడి మీద నలుగురైదుగురు పడతారు. ఆ బరువుకు మెడ మడత పడితే?

మెడలో ఏడు పూసలున్నా పై రెండింటి తీరే వేరు. ఉంగరంలాంటి అట్లాస్ తలను మోస్తుంది, దాని కింది యాక్సిస్ ఇరుసులా పనిచేస్తుంది. తల పక్కకు తిప్పడంలో దాదాపు సగం ఈ జంట చలవే. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్లే ధమనులు కూడా ఈ పూసల రంధ్రాల్లోంచే పోతాయి. 2014 నవంబరు 25న సిడ్నీలో క్రికెటర్ ఫిలిప్ హ్యూస్‌కు బంతి తగిలి చిట్లింది అలాంటి ధమనే. హెల్మెట్ పెట్టుకున్నా రెండు రోజులకు ప్రాణం పోయింది.

ఈ పై పూసలను చేత్తో సరిచేస్తామంటుంది కైరోప్రాక్టిక్‌లో ఒక శాఖ. కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన వైద్యం. మామూలు మెడనొప్పికి కొంత ఊరట దొరకవచ్చు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే దీంతో నయమవుతుందనడానికి గట్టి రుజువు లేదు. మెడను ఒక్కసారిగా తిప్పితే, అరుదుగానైనా, ధమని చిరిగి పక్షవాతం రావచ్చు. క్షౌరశాలలో మసాజ్ చివర టక్కుమని మెడ విరిచినా ఇదే ప్రమాదం.

ఆటలో పడ్డ పిల్లవాడికి వాంతులు, మగత, చేతుల్లో తిమ్మిరి కనిపిస్తే దయచేసి మెడ కదపకండి. లేపి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు స్కాన్, తర్వాతే ఫిజియోథెరపీ.