చత్వారం - ద్విచక్ర వాహన చోదనం

చత్వారం అనగా వయసు పెరిగే కొద్దీ దగ్గరి వస్తువులను స్పష్టంగా చూసే శక్తి కంటికి తగ్గిపోవడం. ఇది వ్యాధి కాదు, తల నెరవడం వంటి సహజ పరిణామం. సాధారణంగా నలభై ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది కనుక, సంస్కృతంలో నలభై అని అర్థమిచ్చే "చత్వారింశత్" నుండి ఈ పేరు వచ్చింది. చత్వారం వచ్చినవారు మోటారు సైకిలు నడిపేటప్పుడు ఎటువంటి కళ్ళజోడు ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కారణం

కంటిలోని కటకం బాల్యంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతుంది. వయసుతో అది గట్టిపడి ఆ గుణాన్ని కోల్పోతుంది. దీనికి తోడు కంటిపాప కుంచించుకుపోవడం, కటకం పసుపుబారడం వలన అరవై ఏళ్ళవారి నేత్రపటలానికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవారితో పోలిస్తే సుమారు మూడవ వంతు మాత్రమే. వెలుగు నుండి చీకటికి అలవాటు పడడానికీ ఎక్కువ సమయం పడుతుంది.

అలిపిరి ఉదాహరణ

తిరుపతిలో తిరుమల కొండ పాదాన ఉన్న అలిపిరి నుండి వాహనాలు కొండపైకి వెళతాయి. ఎక్కడానికి 1974లో ఏర్పడిన రెండవ ఘాట్ రోడ్డును, దిగడానికి 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డును వాడుతున్నారు. దిగే దారిలో మలుపులు ఎక్కువ. ఎండలోనుండి చెట్ల నీడలోకి, మరల ఎండలోకి మారుతూ సాగాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వాహనం సెకనుకు సుమారు 11 మీటర్లు సాగుతుంది. కన్ను తేరుకునే రెండు సెకన్లలో 22 మీటర్లు దాటిపోతాము. కనుక దూరపు చూపు స్పష్టత ప్రాణరక్షణకు సంబంధించినది.

కళ్ళద్దాల రకాలు

* చదువు అద్దాలు: వీటితో బండి నడపరాదు. దూరపు చూపు సరిగా ఉన్న వ్యక్తి +2.00 అద్దాలు పెట్టుకుంటే అర మీటరు దాటిన ప్రతిదీ మసకబారుతుంది.
* దూరపు చూపు అద్దాలు: బండి నడపడానికి ఇవే ప్రధానం. స్పీడోమీటరు చేయి చాచినంత దూరంలో ఉంటుంది కనుక చాలామందికి వీటితోనే దాదాపుగా కనిపిస్తుంది.
* బైఫోకల్: కింది భాగం దగ్గరి చూపుకై ఉద్దేశించినది. బండి ఆపి కాలు మోపేటప్పుడు నేల మసకగా కనిపించి అడుగు తడబడవచ్చు.
* ప్రోగ్రెసివ్: 1959లో ఫ్రాన్సులో విపణిలోకి వచ్చినవి. రోడ్డు, స్పీడోమీటరు రెండూ కనిపిస్తాయి కానీ పక్క అంచులలో దృశ్యం వంకరపోతుంది. మలుపులలో కళ్ళు మాత్రమే కాక తల కూడా తిప్పడం అలవాటు చేసుకోవాలి.
* కాంటాక్ట్ లెన్సులు: హెల్మెట్‌కు అడ్డురావు. గాలికి కళ్ళు పొడిబారతాయి. ఒక కంటికి దూరం, మరొక కంటికి దగ్గర అన్న పద్ధతిలో దూరాలను అంచనా వేసే శక్తి తగ్గవచ్చు.

ఎంపికలో జాగ్రత్తలు

* పగలని పాలీకార్బనేట్ అద్దాలు, సన్నని తిన్నని కాడలు గల ఫ్రేము మంచివి. దుకాణానికి హెల్మెట్ తీసుకువెళ్ళి, దానితో కలిపి పెట్టుకుని చూడాలి.
* ఎండకు నల్లబడే అద్దాలు హెల్మెట్ ముందుతెర వెనుక సరిగా నల్లబడవు. ఆ తెర అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడమే కారణం.
* పోలరాయిడ్ అద్దాలలోనుండి చూస్తే కొన్ని డిజిటల్ మీటర్లు నల్లగా కనిపిస్తాయి.
* రాత్రివేళ రంగుటద్దాలు వాడరాదు. పసుపు అద్దాలు రాత్రి చూపును మెరుగుపరచవని 2019లో వెలువడిన ఒక సిమ్యులేటర్ అధ్యయనం తెలిపింది.
* గీతలు పడిన ముందుతెరను వెంటనే మార్చాలి. ఎదురు దీపాల కాంతి ఆ గీతలపై చెదిరి కళ్ళు చెదురుతాయి.

కంటి పరీక్ష

అద్దాలు మార్చినా రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే శుక్లం కావచ్చు. పక్కచూపు తగ్గడం నీటికాసుల లక్షణం. ఇది రోగికి తెలియకుండానే ముదురుతుంది. మధుమేహం ఉన్నవారు రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చిన తరువాతే అద్దాల కొలత తీయించుకోవాలి. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి స్థాపించిన అరవింద్ సంస్థకు తిరుపతిలోనూ కంటి ఆసుపత్రి ఉంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 55 ఏళ్ళు దాటినవారి లైసెన్సు అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించాలి. కంటి పరీక్షకు మాత్రం అంతకాలం ఆగక, ఏడాదికొకసారి చేయించుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కంటి శుక్లం
* నీటికాసులు
* హెల్మెట్
* అలిపిరి