ఒకే పూట పండితేనే రైతుకు పండగ

కోలారు: బంగారు గనులు 2001లో మూతపడ్డా పాలు, పట్టు ఈ జిల్లాను ఆదుకున్నాయి. అయితే పట్టు రైతుకు అసలు పరీక్ష ఆఖరి రెండు రోజుల్లోనే. పురుగులన్నీ ఒకేసారి పండవు. కొన్ని చంద్రిక ఎక్కుతాయి, కొన్ని ఇంకా ఆకు అడుగుతాయి. రాత్రంతా ఏరుకుంటూ కూర్చోవాలి. కూలీ ఖర్చు తడిసి మోపెడు.

దీనికి విరుగుడు పురుగు ఒంట్లోనే ఉంది. దాని మెదడు వదిలే ఒక హార్మోను ఛాతీలోని గ్రంథిని కదిలించి ఎక్డైసోన్‌ను విడుదల చేయిస్తుంది. జ్వరం తీరి పొర విడవాలన్నా, చివరికి గూడు కట్టాలన్నా ఇదే సంకేతం. 1954లో జర్మనీ శాస్త్రవేత్తలు బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి తీయగలిగింది 25 మిల్లీగ్రాములే!

తర్వాత ఇలాంటి పదార్థాలు మొక్కల్లోనూ దొరికాయి. మైసూరులోని కేంద్రీయ పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ వాటితోనే 'సంపూర్ణ' మందు తయారుచేసింది. పండిన పురుగులు అక్కడక్కడా కనిపించగానే నీళ్లలో కలిపి ఆకుపై చల్లి మేపితే, మిగతావీ త్వరగా చంద్రిక ఎక్కుతాయి.

తొందరపడి ముందే చల్లారో, కడుపు నిండని పురుగు గూడు కట్టేస్తుంది. గూడు పలచన, మార్కెట్లో రేటూ పలచనే. మందు కలిపేది టైమును మాత్రమే. పట్టును పెంచేది మేతే.