పాయింట్ టూ టూ రైఫిల్‌కు ఏ తూటా?

ఎన్‌సీసీ క్యాంపులో పిల్లలు బోర్లా పడుకుని పేల్చేది పాయింట్ టూ టూ రైఫిలే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిందీ, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో రజతం తెచ్చిందీ ఈ కొలత తూటాతోనే. లైసెన్సు చేతికొచ్చి సొంత రైఫిల్ కొనుక్కున్న కొత్త షూటరు చూపు ముందుగా పడేది డబ్బా మీద అచ్చేసిన వేగం మీద. అంకె పెద్దదైతే తూటా మంచిదనిపిస్తుంది. గురి కోసం రైఫిల్ పట్టినవాళ్లను ఆ అంకె దారి తప్పిస్తుంది. ఎలాగో తెలియాలంటే తూటా నిర్మాణం చూడాలి.

పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య చిన్న క్యాప్ ఉంటుంది. పాయింట్ టూ టూకు అది లేదు. ఇత్తడి డొల్ల అడుగు అంచు లోపల బోలుగా ఉంటుంది. దెబ్బ తగలగానే మండే రసాయనాన్ని తడిగా ఉండగానే డొల్లలో వేసి, గిర్రున తిప్పి ఆ బోలులోకి చేరుస్తారు. రైఫిల్‌లోని పిన్ను అంచును నలిపితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. పారిస్‌లో ఫ్లోబెర్ 1845లో గదిలో ఆడే గురి ఆటకు చేసిన బుల్లి తూటా దీనికి పూర్వీకురాలు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ వాళ్లు పాయింట్ టూ టూ షార్ట్ తెచ్చారు. నేడు లోకమంతా వాడే లాంగ్ రైఫిల్ తూటాను 1887లో స్టీవెన్స్ కంపెనీ తయారుచేసింది.

పిన్ను దెబ్బకు నలగాలి గనుక అంచు పలచగా ఉండి తీరాలి. పలచటి డొల్ల పెద్ద ఒత్తిడికి ఆగదు, కాబట్టి మందూ తక్కువే. పైగా రసాయనం అంచు చుట్టూ అంతటా సమంగా పరుచుకోకపోతే ఒక్కో తూటాలో నిప్పు ఒక్కోలా అందుకుంటుంది, గుండు వేగం మారుతుంది. పెద్ద రైఫిల్ ఉన్నవాళ్లు కొన్ని దేశాల్లో ఖాళీ డొల్లలను తమ కొలతకు తామే మళ్లీ నింపుకుంటారు. పాయింట్ టూ టూ డొల్లకు అంచు ఒకసారి నలిగాక ఆ అవకాశం లేదు. ఫ్యాక్టరీ ఇచ్చినదాంట్లోంచి ఎంచుకోవడమొక్కటే షూటరు చేతిలో ఉంది. అందుకే ఈ ఎంపిక మీద ఇంత పట్టుబడుతున్నాను.

వేగం కాస్త మారితే ఏమవుతుందో లెక్క వేద్దాం. స్టాండర్డ్ వెలాసిటీ రకంలో సుమారు 2.6 గ్రాముల సీసపు గుండు సెకనుకు 325 మీటర్ల వేగంతో గొట్టం వదులుతుంది. 50 మీటర్లు చేరేలోపు భూమ్యాకర్షణకు దాదాపు 12 సెంటీమీటర్లు దిగుతుంది. మరో తూటా 10 మీటర్ల వేగం తక్కువగా వెళితే అది ఇంకో 7 మిల్లీమీటర్లకు పైనే దిగుతుంది. 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. చెయ్యి వణకలేదు, గురి తప్పలేదు, అయినా పది పోవచ్చు.

ఇక హై వెలాసిటీ తూటాల సంగతి. ఇవి సెకనుకు 375, 380 మీటర్లతో, అంటే ధ్వని వేగాన్ని మించి బయల్దేరతాయి. త్వరగా చేరితే పక్కగాలికి తక్కువ జరుగుతాయని ఎవరికైనా తోస్తుంది. జరిగేది వేరు. ఎగిరే గుండు తనకు ఎదురొచ్చే గాలి దిశకు ముక్కు తిప్పుకుంటుంది. పక్కగాలి ఉన్నప్పుడు ఆ దిశ కాస్త ఏటవాలుగా ఉంటుంది, కాబట్టి వెనక్కి లాగే బలం కూడా గుండును కొంచెం పక్కకు లాగుతుంది. లాగుడు ఎంత పెరిగితే పక్కకు జరగడం అంత పెరుగుతుంది. గాలి ఆటంకమే లేకుంటే పట్టే సమయం కన్నా గుండు ఎంత ఆలస్యమైందో దాన్నిబట్టే జరిగే దూరం. ధ్వని వేగం పరిసరాల్లో ఈ లాగుడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. హై వెలాసిటీ గుండు సరిగ్గా ఆ మేరలోనే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ఫలితంగా 100 మీటర్ల దగ్గర, గంటకు 10 కిలోమీటర్ల పక్కగాలికి అది నెమ్మది తూటా కన్నా ఎక్కువే పక్కకు పోతుంది. వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టి గాలికి ఎక్కువ లొంగే తూటా కొనుక్కున్నట్టు.

మన వాతావరణం ఇక్కడ కాస్త కలిసొస్తుంది. ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. ఫిన్లాండ్ చలిలో ధ్వని వేగానికి ఆనుకుని వెళ్లే స్టాండర్డ్ తూటా హైదరాబాదు మే నెల ఎండలో దానికి బాగా కిందనే ఉండిపోతుంది.

కాబట్టి బోల్ట్ రైఫిల్ అయితే స్టాండర్డ్ వెలాసిటీలో మూడు నాలుగు రకాలు కొద్దికొద్దిగా తీసుకుని, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, గాలి లేని పొద్దున పరీక్షించడం మేలు. సీసం గుండు మీద మైనం పూత ఉంటుంది, అది గొట్టం లోపల పరుచుకుంటుంది. రకం మార్చినప్పుడు పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా మొదటి పదిపన్నెండు దెబ్బలను లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తర్వాత ఐదేసి చొప్పున కొన్ని గుంపులు కాల్చి చూడాలి, ఒక్క గుంపు చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. ఖరీదైనదే నెగ్గుతుందన్న హామీ లేదు, ఒక్కో గొట్టానికి ఒక్కోటి నప్పుతుంది. ఒకే రకంలోనూ లాట్, అంటే ఒక విడతగా తయారైన సరుకు, మారితే ఫలితం మారుతుంది. పేరున్న షూటర్లు ఎలీ, లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు తమ రైఫిళ్లు తీసుకెళ్లి లాట్ ఎంచుకునేది ఇందుకే. నప్పిన లాట్ దొరికితే, లైసెన్సు అనుమతించినంత మేర అదే నంబరు డబ్బాలు తీసుకోవాలి.

సెమీ ఆటోమేటిక్ అయితే బోల్టును వెనక్కి తోసేంత శక్తి కావాలి, దానికి హై వెలాసిటీ అవసరం పడవచ్చు. మామూలు కన్నా బరువైన 60 గ్రెయిన్ల గుండ్లు మామూలు గొట్టం లోపలి గాడుల మెలికకు నిలకడగా తిరగవు. పాయింట్ టూ టూ మాగ్నమ్ వేరే కొలత, లాంగ్ రైఫిల్‌కు వాడేది కాదు. గొట్టం మీద చెక్కిన పేరూ డబ్బా మీద పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి.

పిన్ను పడినా పేలని తూటాలు ఈ జాతిలో కాస్త ఎక్కువ. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, అప్పుడు బోల్టు తెరవాలి. నిప్పు ఆలస్యంగా అందుకునే ప్రమాదం ఉంటుంది. ఒకే డబ్బాలో అలాంటివి రెండు మూడు వస్తే, పిన్ను సరిగ్గానే కొడుతోందని చూసుకుని, ఆ లాట్‌ను పక్కన పెట్టేయాలి.