వెనుక చాపమీది తమ్ముడు

క్రోసూరు ప్రాంతంలో మిరపకోతలు మొదలైతే యౌవనస్థుల కూడిక పలచబడుతుంది. పొలం నుండి ఆలస్యంగా వచ్చిన తమ్ముడొకడు వెనుక చాపమీద కూర్చుంటాడు. ముగింపు ప్రార్థన కాగానే ‘వందనాలు’ చెప్పి మన జట్టుతో మనం వెళ్లిపోతాం. ఆ తమ్ముడి ఇంటి గడప ఎన్నడైనా తొక్కామా? ఏ పేట పిల్లవాడో తెలుసుకుని మరీ మాట్లాడేవారూ మనలో లేకపోలేదు.

ఈ లోటును వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు బాగా ఎరుగుదురు. 1895 నుండి వై.ఎం.సి.ఎ.లో యువకుల మధ్య పరిచర్య చేసిన తమిళ సహోదరుడాయన. అమెరికా దేశస్థుడు షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు ఆప్తమిత్రుడు. అయినా 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన మొహమాటపడలేదు. మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, భారతీయ సంఘానికి వారి ప్రేమ, స్నేహం కూడా కావాలని ముఖాముఖిగా అడిగారు. అడగడమే కాదు, తానూ తెలుగు నేర్చుకున్నారు; 1909 నుండి దోర్నకల్ పల్లెల్లో సేవచేసి, 1912లో అక్కడే బిషప్పయ్యారు.

ప్రభువు శిష్యులను దాసులనక స్నేహితులన్నాడు (యోహాను 15:15). మన కూడికల్లో పాటలకు, బైబిల్ క్విజ్‌లకు కొదువలేదు. భోజనానికి ఎవరు ఎవరింటికి వెళ్తున్నారన్నదే ప్రశ్న.

వచ్చే ఆదివారం కూడిక కాగానే ఆ తమ్ముడి ఇంటికే వెళ్తున్నాం. వాళ్లమ్మగారు గోంగూర పచ్చడి నూరతానన్నారు.